సైదలవి కాళ్ళు

ఈ వారాంతం మన నగరంలో ఉచిత వినోదాలు మొత్తం పద్దెనిమిది ఉన్నాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. మొన్న మొన్నటిదాకా పదిహేడే. ఆనందం ఈ లెక్కన పెరుగుతూ పోతే వచ్చే రంజాన్ నాటికి జనానికి శుక్రవారం నిద్రపోయే తీరిక ఉండదని వారాంత ఆనంద సమితి ప్రకటించింది. వినడానికి హెచ్చరికలా ఉన్నా, అది వాగ్దానమే.

ఈ జాబితా తయారుచేసేది నేను. పద్నాలుగేళ్ళుగా ప్రతి గురువారం ఒక వారపత్రిక చివరి పేజీలో వస్తుంది. సముద్రపు ఒడ్డున నడక, పార్కులో గాలిపటాలు, మ్యూజియంలో పిల్లలకు మట్టిబొమ్మలు, ఎడారిలో నక్షత్రాలు. వీటిలో ఒక్కదాని లోపలికీ నేను వెళ్ళి ఎరుగను. వెళితే రాయడం కష్టమవుతుంది.

ఉచితం అనే మాటకు మా నగరంలో స్పష్టమైన అర్థం ఉంది. ప్రవేశం ఉచితం. దానికి ముందు ఫోనులో పేరు నమోదు చేసుకోవాలి. నమోదుకు నివాస కార్డు నంబరు కావాలి. నంబరు వేశాక ఐదు ముఖాలు కనిపిస్తాయి. మీరు ఎంత ఆనందంగా ఉన్నారో చెప్పే ముఖాన్ని నొక్కాలి. ఏడుపు ముఖం నొక్కితే కథ మళ్ళీ మొదటికి వస్తుంది. నవ్వు ముఖం నొక్కేదాకా గేటు తెరుచుకోదు కనుక, మా ఉచిత వినోదాలకు వచ్చేవారు నూటికి నూరు శాతం ఆనందంగా ఉన్నట్టు తేలింది. దీనికి పోయినేడు ఎక్కడో బహుమతి కూడా వచ్చింది.

ఈ జాబితాకు నమ్మకమైన పాఠకుడు ఒక్కడుండేవాడు, సైదలవి. మలయాళ దేశంలో తిరూర్ దగ్గర పల్లె నుంచి ముప్ఫై మూడేళ్ళ కిందట ఈ అరబ్బు ఊరికి వచ్చి, పాత చేపల మార్కెట్ వెనక వీధిలో అల్ వఫా కెఫ్టేరియాలో ఛాయ్ కాసేవాడు. జాబితా ఇంగ్లీషులో అచ్చవుతుంది కాబట్టి అతను చదవలేడు. గురువారం సాయంత్రం నేను కారులో కూర్చుని ఛాయ్ తాగుతూ చదివి వినిపించాలి. అన్నీ శ్రద్ధగా విని, "బాగున్నాయి సారే. వచ్చే వారం వెళ్తా," అనేవాడు. శుక్రవారం కొట్టుకు గిరాకీ ఎక్కువ. ఆ వచ్చే వారం పద్నాలుగేళ్ళు రాలేదు.

మా ఊళ్ళో ఛాయ్ కోసం కారు దిగడం మర్యాద కాదు. కొట్టు ముందు ఆపి హారన్ కొడితే లోపలివాడు పరుగెత్తుకొచ్చి కిటికీ దగ్గర వంగుతాడు. ఎండ నలభై ఎనిమిది డిగ్రీలున్నప్పుడు ఇంకా గట్టిగా పరుగెత్తాలి, ఎందుకంటే అద్దం దించి ఉంచితే కారులో చల్లదనం పాడవుతుంది. సైదలవికి మనుషుల పేర్ల కంటే హారన్లు బాగా తెలుసు. రెండు పొట్టివి, ఒక పొడుగుది అయితే పాత తెల్ల జీపులో వచ్చే ముసలాయన బూ ముబారక్: కుంకుమపువ్వు ఛాయ్, చక్కెర సగం. నా కారు హారన్ దగ్గుతుందట. ఆ దగ్గు వినగానే రెండు గ్లాసులు తెచ్చేవాడు, నాకొకటి, నా భార్యకొకటి. ఆమె పోయాక కూడా వారం రోజులు రెండే తెచ్చాడు. ఎనిమిదో రోజు ఒక్కటే తెచ్చి, నేను తాగేదాకా కిటికీ పక్కనే నిలబడ్డాడు. వెనక మూడు కార్లు హారన్ కొడుతున్నా కదల్లేదు. ఆ వీధి చరిత్రలో హారన్‌కు జవాబు రాని సందర్భం అదొక్కటే.

ఆ వీధి నగర సౌందర్యానికి తగినట్టు లేదని ఫిబ్రవరిలో తేలింది. ఇన్నేళ్ళూ ఎందుకు తేలలేదని ఎవరూ అడగలేదు. ఇలాంటివి తేలడానికి సమయం పడుతుంది. అల్ వఫాతో కలిపి పదకొండు కొట్లు కూల్చి ఆ చోట కార్లు నిలుపుకునే ఏర్పాటు చేశారు. కొట్టు లేదు కనుక వీసా లేదు. ఒక మంగళవారం సైదలవి నివాస కార్డు రద్దయింది. ఆదివారం ఉదయం విమానం. మధ్యలో ఒక శుక్రవారం, ఒక శనివారం. ముప్ఫై మూడేళ్ళ సర్వీసులో అతనికి మంజూరైన మొదటి వారాంతం అది.

బుధవారం నా గదికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సారే, నాకో ఫోటో తీసిపెట్టాలి. కాళ్ళతో."

"కాళ్ళతో ఏమిటి ఇక్కా?" అన్నాను. వాళ్ళ భాషలో ఇక్కా అంటే అన్న.

అతని మనవరాలు ఫిదాకు ఐదేళ్ళు. రెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు చూశాడు. ఆ తర్వాత అంతా వీడియో కాల్. చక్కెర డబ్బాకు ఫోను ఆనించి, కౌంటర్ వెనక ఛాయ్ కాస్తూనే మాట్లాడేవాడు.

"పోయిన వారం అడిగింది సారే. 'వల్లిప్పా, నీకు కాళ్ళున్నాయా?' అని. నేను నవ్వా. అది నవ్వలే. వాళ్ళమ్మతో చెప్పిందంట, పాపం వల్లిప్పాకి కాళ్ళు లేవు, అందుకే ఇంటికి రాడు అని."

"ఆదివారం వెళ్తున్నావుగా. ఎదురుగా నిలబడి చూపించు."

"చూపిస్తా. అప్పుడేమంటుంది? ఉంటే ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు, అంటుంది. అక్కడ పెద్ద ఊరు ఉందమ్మా, ఆ ఊళ్ళో నేను నిలబడ్డా, అని చూపించాలి కదా. వెనక ఊరు పడాలి. ముందు నేను. నెత్తి నుంచి బూట్ల దాకా."

బూట్లు అప్పటికే కొన్నాడు. నల్లవి. సంచీలోంచి తీసి చూపించి మళ్ళీ సంచీలో పెట్టుకున్నాడు.

శుక్రవారం ఉదయం జాబితాలో మొదటిదైన సముద్రతీర ఆనంద నడకకు వెళ్ళాం. పసుపు టోపీ పెట్టుకున్న వలంటీర్ అమ్మాయి సైదలవి ఫోను తీసుకుని నంబరు వేసింది. 'ఈ వ్యక్తి లేడు. దయచేసి మళ్ళీ ప్రయత్నించండి,' అని వచ్చింది. ఆమె మళ్ళీ ప్రయత్నించింది. అతను మళ్ళీ లేడు.

"అంకుల్, మీరు ఇక్కడ నివాసులేనా?"

"మంగళవారం దాకా, మోళే," అన్నాడు సైదలవి, కూతురితో అన్నట్టు.

"అయితే ఇప్పుడు టూరిస్టా?"

"ముప్ఫై మూడేళ్ళు టూరిస్టు ఉంటాడా?"

"మరి రెండే బటన్లున్నాయి అంకుల్." పాపం, మూడోదాని కోసం ఫోను వెనక్కి తిప్పి కూడా చూసింది. "ఫోటో కోసమే అయితే కొద్దిగా పక్కకెళ్ళి, తాడు అవతల సముద్రం దగ్గర తీసుకోండి."

తాడు అవతల సముద్రం మరమ్మతులో ఉంది. ఆకుపచ్చ రేకులు కట్టి, వాటిమీద సముద్రం బొమ్మ వేశారు. మేం తిరిగి వస్తుంటే ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి, బల్ల కిందనుంచి ఒక పసుపు టోపీ తీసి సైదలవి చేతిలో పెట్టింది. పాల్గొన్నవారికే ఇవ్వాల్సిన టోపీ అది.

సాయంత్రం పెద్ద తోటకు వెళ్ళాం. అక్కడ సంగీతానికి నీళ్ళు నాట్యం చేస్తాయి, రోజుకు ఇరవై నిమిషాలు. శుక్రవారాలు కుటుంబాలకు మాత్రమే. కుటుంబం లేని మగవాళ్ళు నీళ్ళు చూస్తే నీళ్ళకు ఇబ్బంది. గేటు దగ్గర ధన్‌బీర్ అనే నేపాలీ గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఫ్యామిలీ ఏది సాబ్?"

"ఈయనది తిరూర్‌లో ఉంది," అన్నాను. "నాది..." అని ఆగాను.

ధన్‌బీర్ నా ముఖం చూశాడు. "నాది ఇలాంలో ఉంది. నన్నూ డ్యూటీ రోజే రానిస్తారు సాబ్. సెలవు రోజు నేనూ బయటే." తర్వాత గొంతు తగ్గించి, "పార్కింగులో మూడో దీపానికీ నాలుగో దీపానికీ మధ్య నిలబడండి. నీళ్ళు మొత్తం కనబడతాయి. ఆ చోటు నేను కనిపెట్టిందే," అన్నాడు.

నిజంగానే కనబడ్డాయి. వెనక నీళ్ళు, ఖర్జూరపు చెట్లు, వాటి వెనక అద్దాల మేడలు. సైదలవి దీపాల మధ్య నిలబడ్డాడు. కౌంటర్ లేని చోట చేతులు ఏం చేసుకోవాలో తెలియక ముందు కట్టుకున్నాడు, తర్వాత వెనక్కి పెట్టుకున్నాడు, చివరికి గాలిలో ఏదో ఆనుకున్నట్టు ఉంచాడు.

"కిందికి దించు ఇక్కా. నాటకంలో రాజులా ఉన్నావు."

"కాళ్ళు పడుతున్నాయా సారే?"

"పడుతున్నాయి."

"బూట్లు?"

"రెండూ పడుతున్నాయి. కదలకు."

సరిగ్గా నేను నొక్కేసరికి వెనక ఎక్కడో హారన్ మోగింది.

చూస్తే సైదలవి లేడు. పాతిక గజాల దూరంలో ఒక కారు కిటికీ దగ్గర వంగి ఉన్నాడు. ఆ కారాయన హారన్ కొట్టింది ముందున్న కారు తియ్యమని. కానీ కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చి వంగిన మనిషిని చూసేసరికి ఆయనకూ అలవాటు వచ్చేసింది. "నాలుగు కరక్ ఛాయ్. ఒకటి చక్కెర లేకుండా," అన్నాడు. "హాజిర్," అని సైదలవి తోటకు అటు చివరనున్న ఛాయ్ బండి దాకా వెళ్ళి, నాలుగూ తెచ్చి ఇచ్చి, వాళ్ళ తలుపు కూడా మెల్లగా మూసి వచ్చాడు. అప్పటికి నీళ్ళ నాట్యం అయిపోయి, తోటలో దీపాలు ఆర్పేశారు.

"ఎందుకెళ్ళావయ్యా?"

"నేనెక్కడ వెళ్ళా సారే? కాళ్ళు వెళ్ళాయి."

ఫోటోలో నీళ్ళు బాగా పడ్డాయి. చెట్లు, మేడలు, ఆకాశం అన్నీ ఉన్నాయి. ఎడమ అంచున మోకాలి నుంచి కిందికి ఒక కాలు, నేలమీద ఆనకుండా, నల్ల బూటుతో.

శనివారం, జాబితా అడుగున నంబరు లేకుండా వేసిన తాత్కాలిక వినోదానికి వెళ్ళాం. 'మన నిన్నటి వీధి' వారసత్వ ప్రదర్శన. అక్కడ మట్టికోట ద్వారం ఉంది, దాని ముందు నిలబడితే ఊరు బాగా పడుతుంది. సందర్శకుల గేటు దగ్గర ఫోను మళ్ళీ ఈ వ్యక్తి లేడంది. మేం వెనక్కి తిరుగుతుండగా ప్రదర్శన నిర్వాహకుడు ఉస్తాద్ వగ్దీ వాకీటాకీతో పరుగున వచ్చి సైదలవి భుజం పట్టుకున్నాడు.

"ఇంత ఆలస్యమా? ఏజెన్సీ వాళ్ళు పంపింది నిన్నేగా, ఛాయ్‌వాలా వేషానికి?"

"నేను ఛాయ్ కాసేవాణ్ణే," అన్నాడు సైదలవి.

"ముఖంలోనే తెలుస్తోంది. ఎంత సహజంగా ఉంది! రా, రా."

"కార్డు లేదు సార్."

"కార్డు సందర్శకులకయ్యా. ప్రదర్శనలో పెట్టే వాటికి కార్డెందుకు?"

ఆ విధంగా, మనిషిగా మూడుచోట్ల ప్రవేశం దొరకని సైదలవికి వస్తువుగా వెంటనే దొరికింది. నన్ను అతని సహాయ సామగ్రి కింద రాసుకున్నారు.

లోపల మా వీధే ఉంది. పదకొండు కొట్లూ ప్లైవుడ్‌తో కట్టారు. కూల్చినప్పుడు తీసిన ఫోటోల సాయంతో ప్రతిదీ జాగ్రత్తగా తిరిగి చేశారు. అల్ వఫా బోర్డు, గోడ పగులు, పాలవాడి నంబరు సైదలవి గోడమీద మేకుతో గీసుకున్నది, అన్నీ ఉన్నాయి. పొగమసి వేయడానికి విదేశాల నుంచి ఒక చిత్రకారుణ్ణి రప్పించారట. పాత మసి కడిగించుకోమని ఏటా నోటీసులు వచ్చేవి. కొత్త మసిని ముట్టుకోవద్దని ఇప్పుడు బోర్డు పెట్టారు. ఒక్కటే తేడా, కౌంటర్‌కు తలుపు లేదు. ఎదురుగా తీసిన ఫోటోల్లో తలుపు పడదు. సైదలవిని నిచ్చెన మీదుగా లోపలికి దించి, చూపుకు బాగుండదని నిచ్చెన తీసుకుపోయారు.

తలకు ఎర్ర తలపాగా చుట్టారు. తెల్ల మీసానికి నల్ల రంగు పూశారు.

"మాలో ఎవరం తలపాగా చుట్టలేదు సార్," అన్నాడు సైదలవి.

"నీకు తెలియదు. ఇది వారసత్వం," అన్నాడు వగ్దీ.

నిప్పుకు అనుమతి లేదు కనుక పొయ్యి వెలగదు. కెటిల్‌లో ఛాయ్ లేదు. ఒక యంత్రం ఆవిరి మాత్రం వదులుతుంది. జనం గుమిగూడాక వగ్దీ మైకు అందుకున్నాడు.

"గౌరవనీయ సందర్శకులారా! ఒకప్పుడు ఈ నేలమీద ఛాయ్‌వాలా అనే నిరాడంబరమైన, సదా సంతోషంగా ఉండే మనిషి జీవించేవాడు. అతనికి కోరికలు లేవు. తొందర లేదు. అతను ఎక్కడినుంచి వచ్చాడో చరిత్ర చెప్పడం లేదు..."

"తిరూర్," అన్నాడు సైదలవి వెనకనుంచి.

జనం చప్పట్లు కొట్టారు. అది ఏ కాలపు భాషని నా పక్కనున్నావిడ భర్తను అడిగింది. ప్రాచీనమై ఉంటుందని ఆయన చెప్పాడు.

వాతావరణం కోసం పది నిమిషాలకోసారి స్పీకర్లలో పాతకాలపు హారన్ మోగించే ఏర్పాటు ఉంది. మొదటిసారి మోగగానే సైదలవి కాళ్ళు బయల్దేరాయి. తలుపు లేదు కదా, మోకాలు ప్లైవుడ్‌కు ఠపీమని కొట్టుకుంది, కౌంటర్ మొత్తం ఊగింది. జనం నవ్వి, ఫోన్లు ఎత్తారు. రెండోసారి మోగినప్పుడు ఆపుకుందామని కౌంటర్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు, కాళ్ళు వినలేదు. నటన అద్భుతంగా ఉందని, హారన్ ఐదు నిమిషాలకోసారి మోగించమని వగ్దీ వాకీటాకీలో ఆజ్ఞాపించాడు.

ఆ మధ్యాహ్నం చేతికర్ర ఊపుకుంటూ బూ ముబారక్ వచ్చాడు. కౌంటర్ ముందు ఆగి చాలాసేపు చూశాడు.

"యా సైద్! నువ్వు ఇంత పొడుగువాడివా? నా కిటికీ దగ్గర ఎప్పుడూ వంగే ఉండేవాడివి."

"జీపేది బాబా?"

"కొడుకులు తాళాలు దాచేశారు. నాకు కళ్ళు కనబడవంట. నీ మీసం నల్లబడింది, అది కనబడుతోందిగా? సరే, ఛాయ్ పొయ్యి."

"ఛాయ్ లేదు బాబా. ఆవిరుంది."

ముసలాయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. పావుగంటకు తిరిగొచ్చాడు, ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో సగం ఒలికిన కాగితం కప్పు. ప్రదర్శన అవతలున్న అంగడి దాకా తనే నడిచి వెళ్ళి తెచ్చాడు.

"తీసుకో. చక్కెర సగమే వేయించా. నీకెలా కావాలో నాకు తెలీదు. ఎప్పుడూ అడగలేదు."

సైదలవి రెండు చేతులతో తీసుకున్నాడు. ముప్ఫై మూడేళ్ళలో ఒక కస్టమర్ అతనికి ఛాయ్ తెచ్చివ్వడం అదే మొదలు. మెల్లగా తాగాడు.

"ఎలా ఉంది?"

"చాలా దరిద్రంగా ఉంది బాబా."

ఇద్దరూ నవ్వారు. అంతలో ఒక కాపలావాడు వచ్చి, వినయంగా, బోర్డు చూపించాడు. ప్రదర్శిత వస్తువులకు తినుబండారాలు పెట్టరాదు.

నేను వగ్దీ దగ్గరికి వెళ్ళి, ఐదు నిమిషాలు అతన్ని బయటికి తీస్తే కోటముందు ఒక్క ఫోటో తీసుకుంటామని బతిమాలాను.

"ఎనిమిది దాకా కదపకూడదు. మధ్యలో కదిపితే బీమా వర్తించదు," అన్నాడు. "అయినా ఫోటోలకేం తక్కువ? చూడండి, ఊరంతా అతన్నే తీస్తోంది."

అది నిజం. ఆ రోజు పదకొండు వేలమంది వచ్చారని సమితి లెక్క. తలపాగా, మీసం, గ్లాసు పట్టిన చెయ్యి, నడుము దాకా కౌంటర్. నగరంలో ఆ వారాంతం అందరికంటే ఎక్కువ ఫోటోలు దిగిన మనిషి సైదలవి. ఎనిమిదింటికి దీపాలు తీసేశారు. నిచ్చెన ఎక్కడ పెట్టారో వెతికి అతన్ని పైకి తీసేసరికి కోట చీకట్లో కలిసిపోయింది.

ఆదివారం ఉదయం అతనికి వీసా ఇచ్చిన కంపెనీ వ్యాను వచ్చింది. అతని పాస్‌పోర్టు ముందు సీటులోని గుమాస్తా జేబులో ఉంది. సైదలవి కిటికీ పక్కన కూర్చున్నాడు. మొదటిసారి అతను లోపల, నేను బయట వంగి. రెండు ఫోటోలు అతని ఫోనుకు పంపాను. ఒకటి కౌంటర్ వెనకది, ఒకటి నీళ్ళ దగ్గరి కాలు.

"ఇంతే దొరికింది ఇక్కా. క్షమించు."

రెండూ మార్చి మార్చి చూశాడు. "పైసగం ఉంది, కిందసగం ఉంది. ఇంకేం కావాలి సారే? రెండూ కలిపితే నేనే."

డ్రైవరు ముందున్న లారీకి హారన్ కొట్టాడు. సైదలవి లేవబోయాడు. సీటు బెల్టు పట్టి ఆపింది.

నెల తర్వాత తిరూర్ నుంచి ఒక ఫోటో పంపాడు. ఫిదా ఆ రెండింటినీ అచ్చువేయించుకుని, కత్తిరించి, జిగురుతో ఒకదాని కింద ఒకటి అతికించింది. ఒక కాలే దొరికింది కాబట్టి రెండోది తనే రంగు పెన్సిల్‌తో గీసింది. వల్లిప్పా ఎదురుగా రెండు కాళ్ళతో తిరుగుతున్నా, వచ్చినవాళ్ళందరికీ గోడమీదిదే చూపిస్తోందట.

ఇక ఈ వారపు శుభవార్త. ప్రజల కోరిక మేరకు 'మన నిన్నటి వీధి'ని శాశ్వతం చేశారు. జాబితాలో పద్దెనిమిదోది అదే. ఛాయ్‌వాలా స్థానంలో అచ్చు అలాంటి బొమ్మను పెట్టారు. ఫోటోలకు కొదవ లేదు కనుక తలపాగా, నల్ల మీసం, గోరు మీది మచ్చ కూడా కుదిరాయి. హారన్ మోగితే లోపల స్ప్రింగు కదిలి కౌంటర్ ఊగుతుంది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి నా జాబితాలోని వినోదానికి పేరు నమోదు చేసుకుని, సందర్శకుడిగా నేనే వెళ్ళాను. గేటు దగ్గర నవ్వు ముఖం నొక్కాను. జనం పలచబడ్డాక కౌంటర్ మీదుగా వంగి చూశాను. నడుము కింద ఒక ఇనుప ఊచ ఉంది, అంతే.

వగ్దీని అడిగాను. ఆయన ఓపిగ్గా వివరించాడు. "తయారుచేసే ముందు సర్వే చేశాం సార్. ఇప్పటికి ఇరవై ఆరు వేలమంది చూశారు. మీసం ఇంకా పెద్దది కావాలన్నారు, ఆవిరి ఎక్కువ కావాలన్నారు. కాళ్ళ సంగతి ఒక్కరు అడిగితే ఒట్టు."

ఆ ఇరవై ఆరు వేలలో మీరూ ఉండే ఉంటారు. వెళ్ళనివారు ఈ శుక్రవారం తప్పక వెళ్ళండి. ప్రవేశం ఉచితం.